వనపాలకులైన వైద్యులు

మన దేశమున అడవులను కాపాడవలెనని దొరతనమువారికి మొదట గట్టిగా చెప్పినవా రెవరు? ఈ ప్రశ్న వేసినచో చాలమంది కలప లెక్కలు తెలిసిన వర్తకులనియో, శిస్తు లెక్కలు తెలిసిన కలెక్టరులనియో సమాధాన మిత్తురు. చరిత్ర వేరుమాట చెప్పుచున్నది. ఆ పని చేసినవారిలో ముఖ్యులు నాడి పట్టి చూచు వైద్యులు. కుంపిణీవారి కొలువున సిపాయిల జ్వరములు కుదుర్చుటకై సముద్రములు దాటి వచ్చిన వైద్యులు కొందరు రోగి మంచమునొద్దనుండి లేచి వచ్చి కొండలవంక చూచిరి. కొండ బోడియైన సీమలో మనుష్యుడును సుఖముగా నుండడని వారికి తోచెను.

ఈ ప్రసంగమున నేను వారి కథను చెప్పదలచితిని. వారు రోగమును చాలవరకు సరిగానే కనిపెట్టిరి. కాని వారి మందును దొరతనమువారు వాడిన తీరు మన పల్లెలకు చేదైనది. కొన్నిచోట్ల ప్రాణములనే తీసినది. అట్లేల జరిగెనో విచారించుట నేటి మనకు మిక్కిలి అవసరమని నా అభిప్రాయము.

అడవికిని ఆరోగ్యమునకును గల చుట్టరికము ఐరోపావారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. చరకసంహిత విమానస్థానములో మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. ఊళ్లకు ఊళ్లే ఒక్కుమ్మడి నశించు మహామారులను గూర్చి అందు చెప్పబడినది. మనుష్యుల దేహతత్త్వములు వేరు, తిండి వేరు, వయసు వేరు. అట్లుండగా అందరికిని ఒకేకాలమున ఒకే వ్యాధి యెట్లు వచ్చునని అగ్నివేశుడు గురువు నడుగును. గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందరికిని ఉమ్మడి. అవి చెడినప్పుడు అందరును చెడుదురని ఆత్రేయుని సమాధానము. భూమి సారము తప్పకమునుపే ఓషధులను సేకరింపుమని ఆయన శిష్యుని హెచ్చరించును. నేల చెడినచో దానిపై మొలచిన మందుమొక్కయు చెడును గదా! ఇక వైద్యుని సంచిలో నుండున దేమి?

ఇందులో ఇంకొక వింత యున్నది. ఆయుర్వేదమున దేశములను జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు తెగలుగా విభజించిరి. చెట్లు పలుచగా నుండి, గాలి ధారాళముగా వీచి, నేల పొడిగా నుండు సీమ జాంగలము. అది ఆరోగ్యకరమైనది. నీరు నిలిచి చెట్లు క్రమ్మిన సీమ ఆనూపము. ఆ జాంగల శబ్దమునుండి పుట్టిన జంగల్ అను మాట కాలక్రమమున దట్టమైన అడవికి పేరైనది. ఇంగ్లీషువారు దానిని జంగిల్ అనిరి. మన్యములలో పట్టు చలిజ్వరమునకు జంగిల్ జ్వరమని పేరు పెట్టిరి. ఆరోగ్యభూమికి పెట్టిన పేరు తుదకు రోగమునకు చెల్లినది. అడవి మందా, లేక రోగమా యను సందేహము ఈ యొక్క మాట చరిత్రలోనే ఇమిడియున్నది.

ఇక మన గోదావరి సీమకు వత్తము. విలియం రాక్సుబరో అను స్కాట్లండు దేశీయుడు 1776వ సంవత్సరమున మదరాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోటకు వచ్చెను. 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు అధిపతిగా పోవువరకు ఆయనకు సామర్లకోటయే నెలవు. వైద్యము ఆయన ఉద్యోగము. మొక్కలు ఆయన ప్రాణము. అక్కడ తోట వేసి మిరియము, కాఫీ, దాల్చిన పెంచి చూచెను. మన ప్రాంతపు మొక్కలకు మనవారు వాడు తెలుగు పేళ్లను వ్రాసికొనెను. 1795 మొదలు లండనులో అచ్చుపడిన ఆయన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమునందు ఆ పేళ్లను నేటికిని చూడవచ్చును.

రాజమహేంద్రవరపు కొండలలో సోమిద యను మ్రాను కలదు. దాని బెరడు చేదు. చలిజ్వరమునకు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడు బహు ప్రియమైన కాలమది. సోమిద బెరడు దానికి బదులుగా పనికివచ్చునేమో యని రాక్సుబరో పరీక్షలు చేయించెను. 1794లో ఎడింబరో నగరమున ఒక వైద్యవిద్యార్థి ఈ బెరడును గూర్చియే తన పట్టమునకు వ్యాసము వ్రాసెను. అది సింకోనాకు ఈడు రాలేదు. అయినను శాస్త్రజ్ఞులు ఆ మ్రానికి నిలిపిన లాటిను పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. జ్వరమును పోగొట్టు సోమిద యని దాని యర్థము. మన తెలుగుమాట ఈ విధముగా ప్రపంచమందలి వృక్షశాస్త్ర గ్రంథములలోని కెక్కినది.

రాక్సుబరో సామర్లకోటలో నుండగనే 1790వ సంవత్సర ప్రాంతమున వరుసగా వానలు తప్పి ఉత్తర సర్కారులలో ఘోరమైన కరువు వచ్చెను. ఎందరో చనిపోయిరి. ఆకలికి చచ్చువానికి ఏ బెరడు కషాయ మిచ్చి బ్రతికింపగలము? ఆ వైద్యుడు అప్పుడు వ్రాసిన మందుచీటి చెట్లు. కాలువగట్ల వెంటను, ఊళ్ల చుట్టును కొబ్బరి, పనస, అరటి, ఖర్జూరము మొదలగువానిని నాటింపవలెనని ఆయన కుంపిణీవారికి వ్రాసెను. వాన తప్పిన యేడు వరి చచ్చును గాని, వేరు లోతునకు దిగిన చెట్టు ఇంత తిండి పెట్టునని ఆయన తలంపు. రోగికి వైద్యము చేయుటకును, సీమకు వైద్యము చేయుటకును నడుమనున్న గోడ ఇక్కడ తొలగినట్లు నాకు తోచుచున్నది.

అటుపిమ్మటి తరమున ఈ ఆలోచన ముదిరెను. 1800వ సంవత్సరమున జర్మను పండితుడు అలెగ్జాండర్ హుంబోల్టు దక్షిణ అమెరికాలో వాలెన్సియా యను సరస్సును చూచెను. నీరు తగ్గి గట్టు దూరముగా జరిగియుండెను. చుట్టునున్న కొండల అడవి నరికి తోటలు వేసినందున సరస్సునకు ఊట తగ్గినదని ఆయన నిర్ణయించెను. ఇట్టి పరిశీలనలు చదివిన వైద్యులు మన దేశమునందును ఉండిరి. బొంబాయి రాజధానిలో అలెగ్జాండర్ గిబ్సన్ అను వైద్యుడు 1847లో అడవులకు కన్సర్వేటరుగా నియమింపబడెను. మదరాసులో ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు దేశపు శీతోష్ణస్థితిపై చెట్ల ప్రభావమును గూర్చి 1849లో ఒక వ్యాసము ప్రకటించెను. మదరాసు మ్యూజియమునకు మొదటి అధిపతియు ఈయనయే.

వీరందరిలో మనకు ముఖ్యుడు హ్యూ క్లెగ్‌హారన్. ఈయన 1820లో మదరాసులోనే పుట్టి, ఎడింబరోలో వైద్యము చదివి, 1842లో మరల మదరాసునకు కొలువు వచ్చెను. మైసూరు రాజ్యమందలి షిమోగా ప్రాంతమున కొంతకాల ముండి, అక్కడ అడవులు అడ్డు ఆపు లేక నరకబడుటను చూచెను. జ్వరపీడితుడై 1848లో స్వదేశమునకు పోయి, అక్కడి శాస్త్రజ్ఞుల మహాసభకు 1851లో ఉష్ణదేశపు అడవుల వినాశమును గూర్చిన నివేదిక తయారుచేసిన సంఘమున ప్రధానుడయ్యెను. 1856లో మదరాసు రాజధాని అడవులకు మొదటి కన్సర్వేటరుగా ఆయననే నియమించిరి.

ఆ వైద్యులు చెప్పిన రోగనిదాన మేమి? అది మీరు ఎరుగనిది కాదు. కొండమీద చెట్టున్నప్పుడు చినుకు దెబ్బను ఆకు కాచును. రాలిన ఆకు నేలపై పఱుపువలె నుండి నీటిని పీల్చును. వేళ్ల వెంట నీరు నేలలోనికి దిగి, మెల్లమెల్లగా వాగునకు ఊటయై, వేసవివరకు నడచును. చెట్టు పోయినచో అదే వాన ఒక్క గంటలో మన్నును తవ్వుకొనుచు క్రిందికి పరుగెత్తును. వాగు పొంగి, రెండుదినములలో ఎండును. ఆ మన్ను చెరువులో మేటవేయును. చెరువు పూడినచో ఆయకట్టు ఎండును. ఆయకట్టు ఎండినచో ఇంటిలో గింజ తఱుగును. గింజ తఱిగిన యింటికి జ్వరము త్వరగా వచ్చును. కొండమీది గొడ్డలి దెబ్బ దిగువ పల్లెలో పసిబిడ్డ నాడిలో తెలియుట ఈ విధముగానే.

వారు చెప్పినదంతయు నిలువలేదు. చెట్లున్నచోటనే వాన కురియునని వారిలో కొందరు అతిశయముగా నమ్మిరి. ఊరి ప్రక్క తోపు వేసినంతమాత్రమున నైరుతి ఋతుపవనము మన కొఱకు దారి మార్చుకొనదు. కాని మహారణ్యముల విషయమున వారి ఊహ వట్టిది కాలేదు. అమెజాను అడవిపై కురియు వానలో ఇంచుమించు సగము ఆ అడవి చెట్లే ఆవిరిగా పైకి వదలిన నీరని ఎనేయాస్ సలాతీ అను బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1970వ దశకమున పరిశోధించి తేల్చిరి. అంతటి అడవి తన వానను తాను మరల మరల కురిపించుకొనును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును చెట్లు పీల్చి మ్రానులో దాచుననియు, అడవి కాలినప్పుడు అది మరల గాలిలో కలిసి భూమి వేడిని పెంచుననియు నేడు రూఢియైనది. కావున సామర్లకోట వైద్యుడు ఒక సీమను గూర్చి తలచినది నేడు భూగోళమంతటికిని వర్తించుచున్నది.

ఇంతవరకు రోగనిదానము. ఇక మందు సంగతి.

క్లెగ్‌హారన్ కన్సర్వేటరైన 1856వ సంవత్సరముననే మదరాసు రాయపురమునుండి ఆర్కాటు వైపునకు మొదటి రైలు నడచెను. పట్టాల క్రింద పరచుటకు కొయ్యదిమ్మెలు కావలెను. ఇంజనులకు కట్టెలు కావలెను. అడవిని కాపాడుడని వైద్యుడు చెప్పిన మాట దొరతనమువారి చెవికి, రైలునకు కలప తఱుగకుండ చూచుకొను డన్నట్లుగా వినబడెను. నరికిన గుత్తదారులను క్లెగ్‌హారన్ దూషింపకపోలేదు. కాని కొండవారి సేద్యమును కూడ ఆయన రోగకారణములలో చేర్చెను. మన మన్యమున పోడు అనుదానిని కన్నడసీమలో కుమరి యందురు. 1860లో మదరాసు ప్రభుత్వమువారు తమ అడవులలో దానిని నిషేధించిరి.

ఇచ్చట ఒక విషయము మీరు తప్పక తెలిసికొనవలెను. అడవి యావత్తును సర్కారుదే యను మాటను ఆ సర్కారులోనే కొందరు ఒప్పుకొనలేదు. మదరాసు రెవిన్యూ బోర్డువారు 1871లో దానిని ఖండించుచు, ఈ రాజధానిలో ఏదో యొక గ్రామపు ఎల్లలలో లేని అడవి దాదాపుగా లేదనియు, అందు పశువులను మేపుకొనుటకును కట్టెలు తెచ్చుకొనుటకును గ్రామస్థులకు అనాదిగా హక్కు కలదనియు వ్రాసిరి. 1878లో వచ్చిన హిందూదేశపు అటవీచట్టము ఈ వివాదము వలననే మదరాసునకు వెంటనే వర్తింపలేదు. కాని ఆ నడుమ 1876 మొదలుకొని ధాత కరువు వచ్చి దక్షిణదేశమును ఊడ్చిపెట్టెను. తుదకు 1882లో మదరాసు అటవీచట్టము పుట్టెను. రిజర్వు అడవు లేర్పడెను. నిన్నటివరకు మందను తోలుకొనిపోయిన దారిలో నేడు కంచె, చీటి, జరిమానా వచ్చెను.

రోగిని మంచమునకు కట్టివేసి, నోరు తెరువనీయక, మందు గొంతులో పోసిన వైద్యమువంటి దిది. మంచి వైద్యుడు మొదట రోగి నడుగును: ఏమి తినుచున్నావు, ఎట్లు నిద్రపోవుచున్నావు, ఇంటిలో ఎవ రున్నారు అని. అడవిలో బ్రతుకువా రెవరు, వారి గింజ ఎక్కడనుండి వచ్చును, వారి దేవర యే చెట్టు క్రింద నున్నది అని అడిగినవారు మిక్కిలి తక్కువ.

ఫలితము చరిత్రలో నెత్తుటితో వ్రాయబడినది. గుంటూరు జిల్లా పల్నాటిలో పశువులను అడవిలో మేపుకొనుటకు పుల్లరి చెల్లింపుమనగా 1921లో రైతులు అడ్డము తిరిగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు గ్రామస్థుడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. అదే యేడు ఆగస్టు నెలలో అల్లూరి సీతారామరాజు మన్యమున చింతపల్లి పోలీసుఠాణాను ముట్టడించెను. పోడు మీది నిర్బంధములును, రోడ్ల పనిలో కొండవారిచే చేయించిన వెట్టియు ఆ తిరుగుబాటునకు మూలములు. 1924 మే నెలలో ఆయనను కాల్చిచంపిరి. నైజాము రాజ్యమునందును కథ ఇట్టిదే. ఆదిలాబాదు అడవులలో గోండుల పక్షమున నిలిచిన కొమురం భీము 1940లో జోడేఘాటువద్ద ప్రాణములు విడిచెను. నీరు, అడవి, నేల అను మూడు మాటలతో ఆయన పేరు నేటికిని ముడిపడియున్నది.

ఈ మువ్వురిలో ఏ యొకడును అడవికి శత్రువు కాడు. అడవి తమ దేహములో నొక భాగమైనట్లు బ్రతికినవారి పక్షమున వారు నిలిచిరి. అడవిని కాపాడుట కేర్పడిన చట్టము అడవిలోనివారినే శత్రువులను చేసికొన్నది. అప్పటినుండి గ్రామస్థుడు ఇది మన అడవి యనుట మాని ఇది సర్కారు అడవి యన నేర్చెను. పరుల సొత్తును కాపాడుటకు ఎవరు రాత్రి మేలుకొందురు? నష్టములలో పెద్దనష్టము ఇదియే యని నేను తలచుచున్నాను.

అడవి మందా, రోగమా యను మొదటి సందేహమునకు తిరిగి వత్తము. మన్యపు చలిజ్వరమునకు అడవి గాలియే కారణమని వైద్యులు శతాబ్దముల తరబడి నమ్మిరి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాసు అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా పురుగును కనిపెట్టెను. ఇందుకుగాను 1902లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. అడవిగాలి నిర్దోషియని ఆనాడు తేలెను. నేరము దోమది, దోమకు నిలువ నీడయిచ్చిన నిలువనీటిది.

అయినను అడవినుండి జ్వరములు రానేరావని చెప్పుటకు వీలులేదు. 1957లో షిమోగా జిల్లాలో క్యాసనూరు అడవియందు కోతులు గుంపులుగా చచ్చిపడుచుండెను. వెనువెంటనే ఆ అడవికి పోయివచ్చినవారికి తీవ్రమైన జ్వరము, నెత్తురు పోవుట కలిగి కొందరు మరణించిరి. పూనా నగరమందలి వైరసు పరిశోధనాకేంద్రమువారు దాని కారణమును కనుగొనిరి. అది ఒక వైరసు. అడవిలోని గోమార్లవలన వ్యాపించును. అడవిని నరికి పొలములు చేసి, దాని అంచులలో పశువులను మేపగా, గోమార్లకు నెత్తురు సమృద్ధిగా దొరికి అవి పెచ్చుపెరిగినవి. ఎవరి జోలికిని రాక అడవి నడుమ అణగియున్న వ్యాధి, అడవి చినిగినచోట మనుష్యుని మీదికి వచ్చినది. నూఱేండ్లకు మునుపు క్లెగ్‌హారన్ అడవి నరకుటను చూచి బెంగపడిన షిమోగాసీమయే ఇది యని మీరు గుర్తుంచుకొనుడు. నిండుగానున్న అడవి తన జ్వరములను తనలో దాచుకొనును. చినిగిన అడవి వానిని మనకు పంచును. మన చర్మము విషయమును ఇంతియే గదా! చర్మము నిండుగా నున్నంతకాలము లోపలిది లోపల, వెలుపలిది వెలుపల నుండును.

ఇప్పుడు మన పని యేమి? స్వతంత్ర భారతమున చట్టములు కొంత మారినవి. 1992లో ఆంధ్రప్రదేశమున వనసంరక్షణ సమితు లేర్పడి, అడవి కాపుదలలో గ్రామస్థులకు పాలును, ఫలసాయములో వంతును కల్పింపబడెను. 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసి, అడవిలో నివసించువారికి పూర్వము అన్యాయము జరిగినదని స్పష్టముగా ఒప్పుకొని, హక్కుల నిర్ణయమున గ్రామసభకు మొదటి స్థానము నిచ్చినది. ఉమ్మడి అడవిని కాపాడుకొను హక్కును గ్రామమునకు ఒసగినది. నూటముప్పదియైదేండ్ల క్రిందట మదరాసు రెవిన్యూ బోర్డువారు చెప్పిన మాట ఇంతకాలమునకు శాసనమైనది. కాగితముమీది హక్కు అన్నిచోట్లను చేతికి వచ్చినదని నే ననను. కాని గ్రామసభలో కూర్చుండువారు మీవంటి పెద్దలే. ఆ సభ నోరు తెరచినప్పుడే రోగి నోరు తెరచినట్లు.

మీ ఊరి చెరువునకు నీరు ఏ గట్టునుండి వచ్చుచున్నదో, ఆ గట్టుమీద ఏ చెట్లు మీ తాతలనాడు ఉండి నేడు లేవో మీకు తెలిసినంతగా ఏ అధికారికిని తెలియదు. కరక, తాని, ఉసిరి, నేలవేము, తిప్పతీగ, సుగంధిపాల ఎక్కడ దొరకునో, ఎక్కడ దొరకకుండ పోయినవో మీ యింటి ముసలివారికి తెలియును. రాక్సుబరో తన గ్రంథములలోని తెలుగు పేళ్లను ఇట్టివారివలననే తెలిసికొనెను. ఆ జ్ఞాపకములను పిల్లలకు చెప్పి వ్రాయించుడు. గ్రామసభ కూడిన దినమున చెరువు పూడిక తీయు మాటతోపాటు గట్టుమీది చెట్ల మాటను కూడ కలిపి యెత్తుడు. ఆ రెండును ఒకే రోగమునకు సంబంధించినవి.

ఆ వైద్యుల కథనుండి నేను గ్రహించినది ఇంతమాత్రము. సీమకును మనిషికిని ఆరోగ్యము ఉమ్మడి యని వారు కనిపెట్టిరి. అందులకు వారిని మనము గౌరవింతము. ఆ ఆరోగ్యము నిలుపు భారము ఊరివారి చేతిలో ఉండవలెనని దొరతనమువారు గ్రహింపరైరి. అందువలన కలిగిన నష్టమును మఱవకుందము. నాడి చూచుట వైద్యుని పని, పథ్యము నిలుపుకొనుట ఇంటివారి పని. మన కొండలకును వాగులకును ఇంటివారము మనమే గదా!